ఒడ్డెక్కిన పడవలో నిలువ చమురు

పడవను నడుపుటకు ఎంత నేర్పు కావలయునో, నడువని కాలమున దానిని కాపాడుటకును అంత నేర్పు కావలయునని ప్రాచీనులు ఎరిగియుండిరి. క్రీస్తుకు పూర్వము ఏడెనిమిది శతాబ్దముల నాటి గ్రీకు కవి హెసియొడ్, వ్యవసాయమును గూర్చియు ఋతుధర్మములను గూర్చియు తన సోదరునకు బోధించుచు రచించిన 'పనులు - దినములు' అను కావ్యమున, గాలులు చెలరేగు కాలము రాగానే నావను ఒడ్డునకు లాగి, అది కదలకుండునట్లు చుట్టును రాళ్ళు పేర్చి, వాననీరు నిలిచి కొయ్యను కుళ్ళబెట్టకుండ అడుగుననున్న బిరడాను ఊడదీసి, తెరచాపలను సామగ్రిని ఇంట భద్రపరచి, చుక్కానిని పొగ తగులుచోట వ్రేలాడగట్టవలెనని విధించినాడు. అటుపిమ్మట రోమను సామ్రాజ్యపు చివరి దినములలో సైనికశాస్త్రమును రచించిన వెగీషియస్, నవంబరు 11 మొదలు మార్చి 10 వరకు సముద్రములు మూయబడియుండునని వ్రాసినాడు. అనగా మధ్యధరా తీరమున వేలకొలది నావలు ఏటేట నాలుగు నెలలపాటు విశ్రమించుట ఆచారమై, ఆ విశ్రాంతికి విధివిధానములు ఏర్పడి, తండ్రి నుండి కుమారునకు సంక్రమించుచుండెనన్నమాట.

మన తూర్పు తీరమునను ఈ విరామధర్మము లేకపోలేదు. ఈశాన్య ఋతుపవనములతో తుపానులు రేగు మాసములలో నావలు బహిరంగమైన రేవులను విడిచి ఏటిమొగలలోనికిని ఉప్పుటేరులలోనికిని చేరుకొనెడివి. గోదావరి పాయ కడలిని కలియు చోట వెలసిన కోరంగి, ఓడల నిర్మాణమునకును మరమ్మతులకును పేరుపొందిన రేవు. 1789లోను 1839లోను వచ్చిన తుపానులు, ఉప్పెనలు ఆ పట్టణమును కడతేర్చినంత పని చేసినను, సమీపమందలి తాళ్ళరేవున ఆ విద్య తరతరములుగా నిలిచియుండినది. కొబ్బరిపీచు త్రాళ్ళతో పలకలను కుట్టి కట్టిన మసూలా పడవలు ఒడ్డున విరుచుకుపడు కెరటములకు విరుగక వంగి ఓర్చుకొనెడివి గాని, వాని కుట్లు సడలినప్పుడు విప్పి మరల కుట్టుట పెద్ద పని. గుగ్గిలమును నూనెతో మరగించి సందులు పూడ్చుట, ఎండకు పలకలు విచ్చిపోకుండ ఆకులు కప్పుట, త్రాళ్ళను చీకిపోకుండ చూచుకొనుట, ఇవియే పల్లెకారులకు పడవ నిలిచిన కాలపు పనులు.

గ్రీకు కవి విధించిన నియమములలోను, మన తీరపు పనివారి ఆచారములలోను ఒక్క విషయము కానరాదు. పడవను నడుపు శక్తిని నిలువ చేయుటను గూర్చి ఎవ్వరును ఏమియు చెప్పియుండలేదు. గాలిని నిలువ చేయ నవసరము లేదు. తెడ్డు వేయు మనుష్యుడు తన ఇంట అన్నము తిని, మరల ఋతువు రాగానే బలముతో వచ్చును. కొయ్య, త్రాడు, గుడ్డ, ఇనుము - ఈ నాలుగింటిని కాపాడుకొనినచో పడవ కాపాడబడినట్లే. పందొమ్మిదవ శతాబ్ది చివర పడవ కడుపులో చమురు చేరినప్పటినుండియే ఒక క్రొత్త చింత పుట్టినది. ఆ చమురు నిలిచినకొలది మారును, ముదియును, చెడును. చెడినపిమ్మట ఇంజనును చెరచును. ఈ వ్యాసమునకు వస్తువు ఆ చింతయొక్క చరిత్రయే. ఆ చరిత్రను పరిశీలించిన కొలది నాకు ఒక విషయము స్పష్టముగా తోచుచున్నది: చమురునందు కలిగిన మార్పులలో పెక్కింటిని తెచ్చినవారు భూమిమీద తిరుగు మోటారుబండ్లను తలచుకొని తెచ్చిరి, వారమునకో పదిదినములకో టాంకీ ఖాళీయగు బండికి ఆ మార్పులు మేలు చేసినవి, ఆరు నెలలు కదలక పడియుండు పడవను ఆ నిర్ణయములలో తలచుకొన్నవారు అరుదు.

తొలిదినముల చమురు ఇట్టి చిక్కులు అంతగా పెట్టలేదు. అమెరికాలో ఆవిరియంత్రము గల పడవను నడుపుటకు అనుమతిపత్రము పొందిన ఇంజనీరు ఉండితీరవలెనని శాసనముండుటచే, సొంత పడవపై సరదాగా తిరుగగోరు గృహస్థులకు అది భారమై తోచెను. ఈ చిక్కును దాటుటకు ఫ్రాంక్ ఓఫెల్ట్ అను ఆయన 1883లో నాఫ్తా యంత్రమునకు పేటెంటు పొందెను. నీటికి బదులు నాఫ్తానే కాచి, దాని ఆవిరితో యంత్రమును త్రిప్పి, ఆ ఆవిరిని పడవ అడుగున నీటిలో మునిగియున్న గొట్టములలో చల్లార్చి మరల ద్రవముగా మార్చి వాడుకొనుట ఆ యంత్రపు పద్ధతి. కాచుటకు మండించునదియు నాఫ్తాయే. నీరు కాదు గనుక శాసనమునకు లోబడలేదు. మండెడి ద్రవ్యమును మండెడి ద్రవ్యముతోనే కాచుట సాహసమే యైనను న్యూయార్కు పరిసరములలో ఆ పడవలు మిక్కిలి ఆదరమును పొందినవి. ముడిచమురును కేవలము కాచి, ఆవిరిని చల్లార్చగా వచ్చిన ఆ నాఫ్తాలో త్వరగా చెడు స్వభావముగల అణువులు మిక్కిలి తక్కువ. శీతకాలము టాంకీలో పడియున్నను వసంతమున అది దాదాపు అదే గుణముతో మండుచుండెను.

జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్ 1886లో తన పెట్రోలు యంత్రమును ఒక చిన్న పడవకు బిగించి నెకార్ నదిపై నడిపినాడు. పెట్రోలన్న ప్రజలకు గల భయమును పోగొట్టుటకై పడవ చుట్టును తీగెలును పింగాణి బిళ్ళలును అమర్చి అది విద్యుత్తుతో నడుచునదని నమ్మించినట్లు చెప్పుదురు. ఆ భయము అకారణమైనది కాదు. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది; మోటారుబండిలో కారినచో నేలజారి గాలిలో కలిసిపోవును గాని, పడవలో కారినచో పోవుటకు దారిలేక అడుగుభాగమున చేరి, ఒక్క నిప్పురవ్వ కొరకు నిరీక్షించును. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909 నుండి పడవ వెనుక తగిలించుకొను చిన్న యంత్రములను అమ్మసాగినపిమ్మట, యంత్రము ధనికుని సొత్తుగా మిగిలిపోక, చెరువులలో చేపలు పట్టుకొను సామాన్యునికిని అందుబాటులోనికి వచ్చినది. దానితోపాటు శీతకాలమున కొట్టములో మూలనుంచిన పెట్రోలు డబ్బాయు వచ్చినది.

సరిగా ఈ కాలముననే చమురు స్వభావము మారెను. 1910వ సంవత్సర ప్రాంతమున అమెరికాలో పెట్రోలు వాడకము కిరసనాయిలు వాడకమును మించిపోయెను; మోటారుబండ్లు పెరిగినంత వేగముగా ముడిచమురు దొరకుట కష్టమయ్యెను. ఇండియానా రాష్ట్రపు స్టాండర్డ్ ఆయిల్ కంపెనీలో రసాయనికుడైన విలియం బర్టన్, బరువైన నూనెలను అధిక పీడనమున కాచి, పెద్ద అణువులను చిన్నవిగా చీల్చు విధానమునకు 1913లో పేటెంటు పొందెను. ముడిచమురు నుండి లభించు పెట్రోలు దీనివలన ఇంచుమించు రెట్టింపయ్యెను. రసాయనశాస్త్రమున ఇది మహావిజయమనుటకు సందేహము లేదు. అయితే బలవంతముగా చీల్చబడిన అణువులలో పెక్కింటికి ఒకచోట పట్టు వదలి, మరియొకదానితో కలియవలెనను ఆతురత మిగిలియుండును. గాలిలోని ప్రాణవాయువు సోకినప్పుడు అవి దానిని పట్టుకొని, ఒకదానితో నొకటి పెనవైచుకొని, క్రమక్రమముగా గోధుమవన్నె జిగురుగా మారును. ఆ జిగురు కార్బురేటరులోని వెంట్రుకవాసి రంధ్రములలో చేరి గట్టిపడును. వసంతము రాగానే పడవను నీటిలోనికి దింపి యంత్రమును త్రిప్పబోయినవానికి అది ఎంత త్రిప్పినను పలుకక, మూత విప్పిచూడగా లక్క పూసినట్లు పసుపుపచ్చని పొర కానవచ్చి, పెట్రోలునుండి పాతబడిన రంగుల వాసన రాసాగినది. 1920వ దశకము మొదలు ఇది సరస్సుల ఒడ్డున ఏటేట వినవచ్చు ఫిర్యాదయ్యెను.

ఈ జిగురునకు పడవలలో మరియొక తోడు దొరకినది. సముద్రపు నీటికి ఇనుము త్రుప్పుపట్టును గనుక పడవవాండ్రు ఇంధనపు టాంకీలకును గొట్టములకును రాగిని ఇష్టపడుచుండిరి. ఆ రాగియే లేశమాత్రముగా పెట్రోలులో కరిగి జిగురు పుట్టుటను ఎన్నోరెట్లు త్వరపెట్టుచుండెను. ఈ గుట్టును ఛేదించి మందు కనిపెట్టినవారిలో అగ్రగణ్యుడు డ్యూపాంట్ సంస్థలో పనిచేసిన చార్లెస్ పెడర్సన్. ఆయన 1904లో కొరియాలోని బూసాన్‌లో, నార్వేజియను తండ్రికిని జపానీయురాలైన తల్లికిని జన్మించెను. తండ్రి ఓడల యంత్రములు నడుపు ఇంజనీరు. లోహపు అణువును తన చేతులలో బంధించి దాని దుష్ప్రభావమును అణచివేయు పదార్థములను పెడర్సన్ పెట్రోలునకై రూపొందించినాడు. అణువు లోహమును ఎట్లు పట్టుకొనునను ఆ జిజ్ఞాసయే ఆయనను జీవితాంతము వెంటాడి, 1960వ దశకమున కిరీటాకారపు ఈథరులను కనిపెట్టుటకు దారితీసి, 1987లో నోబెలు బహుమానమును తెచ్చిపెట్టెను. పాత పెట్రోలులోని జిగురును వారించుటకు ఆరంభించిన పని, రసాయనశాస్త్రమున ఒక నూతన శాఖకు పునాదియగుట చూచినప్పుడు, నిలువ చమురు బాధను చిన్న విషయమని త్రోసిపుచ్చుట తగదని నా అభిప్రాయము.

శీతకాలమునకు ముందు టాంకీని నింపియుంచవలెనా, ఖాళీ చేయవలెనా యను వివాదము ఈనాటికిని పూర్తిగా తీరలేదు. ఖాళీ చేయవలెనను పక్షమువారు పాత పెట్రోలే లేకున్న జిగురు ఎక్కడిదని వాదింతురు. నింపవలెనను పక్షమువారి వాదము ఇంకను లోతైనది. ఖాళీ టాంకీ యనబడునది నిజమునకు ఖాళీ కాదు. అడుగున మిగిలిన చెంచాడు పెట్రోలు ఆవిరియై గాలితో కలిసినప్పుడు అది నిండు టాంకీకన్న ఎక్కువ ప్రేలుడు స్వభావము గలదియగును. అంతియగాక పగటి ఎండకు టాంకీలోని గాలి వ్యాకోచించి బయటికి పోవును. రాత్రి చల్లబడగానే బయటి తేమగాలి లోనికి వచ్చును. ఆ తేమ చల్లని గోడలపై చెమర్చి నీరై అడుగునకు జారును. ఎంత ఖాళీ ఉన్న అంత గాలి, ఎంత గాలి యున్న అంత తేమ. అమెరికా ప్రభుత్వము 1940లో చేసిన మోటారు పడవల శాసనము ఇంజను గదికి గాలి గొట్టములను, కార్బురేటరునకు మంటనిరోధకమును విధించినది. టాంకీ నింపుటను గూర్చిన నిర్ణయమును మాత్రము పడవ యజమాని వివేకమునకే విడిచిపెట్టెను.

డీజిలు యంత్రము వచ్చినప్పుడు ఈ చింతలన్నియు తీరునని పలువురు తలచిరి. రుడాల్ఫ్ డీజిల్ తన యంత్రమును 1897లో జయప్రదముగా నడిపి చూపిన ఆరేండ్లకే, 1903లో, రష్యాలో 'వాండాల్' అను చమురు ఓడయు, ఫ్రాన్సు కాలువలలో 'పెటీ పియెర్' అను పడవయు ఆ యంత్రముతో నడిచినవి. 1912లో డెన్మార్కు దేశపు 'సెలాండియా' మహాసముద్రములను దాటి బాంకాకునకు పోయివచ్చినది. చిన్న పడవలవారికి స్కాండినేవియా దేశముల కాలెడిగుండు యంత్రములు అందివచ్చినవి. ఏ ముతక నూనె పోసినను మండించుకొని, టకటక మనుచు ఉత్తరసముద్రపు చేపల పడవలను అర్ధశతాబ్దము నడిపిన యంత్రములవి. డీజిలు ఆవిరి సులభముగా పుట్టదు గనుక ప్రేలుడు భయము తక్కువ. కార్బురేటరు లేదు గనుక అందు జిగురు గడ్డకట్టు బాధ లేదు. ఒక పీపాలో పోసి నీడపట్టున ఉంచినచో ఏడాదియైనను చెడకుండ నిలుచును.

అయినను డీజిలునకు వేరొక శత్రువు కాచుకొని యుండెను. జీవమునకును చమురునకును పొందు లేదని లోకము నమ్మియున్న కాలమున, జపాను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు మియోషి మనాబు, ఒక బూజు పారఫిన్ మైనమును తొలిచి అందు పెరుగుచున్నదని 1895లోనే ప్రకటించెను. దానిని అప్పటివారు అంతగా పట్టించుకొనలేదు. కాలిఫోర్నియా తీరమున స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థలో పరిశోధనలు చేసిన క్లాడ్ జోబెల్, చమురును ఆహారముగా గొను సూక్ష్మజీవులు అనేకములున్నవని 1946లో విపులమైన సమీక్షను ప్రకటించిన పిమ్మట శాస్త్రలోకము మేల్కొన్నది. ఇంజనీర్లు మేల్కొనుటకు ఇంకొక పదేండ్లు పట్టినది. 1950వ దశకము చివర అమెరికా సైనికవిమానముల టాంకీలలో నల్లని, గోధుమవన్నె చాపల వంటి పొరలు పెరిగి వడపోతలను పూడ్చివేయుట, అల్యూమినియము గుంటలుపడి తినివేయబడుట కనుగొని పరిశోధింపగా, దోషి ఒక బూజని తేలినది. తారు పూసిన కొయ్యపై పెరుగుటచే క్రియోసోటు బూజని అంతకుముందే పేరుగాంచిన ఆ జీవికి శాస్త్రజ్ఞులు నేడు అమార్ఫోథీకా రెజినే అని పేరిడినారు. కొయ్యను చెదలనుండి కాపాడుటకు పూసిన పూతనే ఆహారముగా చేసికొన్న జీవికి డీజిలు ఒక లెక్కయా?

ఈ బూజు చమురులో నివసింపదు; చమురును తినుచు నీటిలో నివసించును. టాంకీ అడుగున చేరిన నీటికిని, పైననున్న డీజిలునకును నడుమనుండు సన్నని సరిహద్దే దాని కాపురము. నీరు లేకున్న అది లేదు. ఆవకాయ జాడీలో తడిగరిటె పెట్టిన ఇంట ఏమి జరుగునో మన ఇల్లాండ్రకు ఎరుకయే. పైన నూనె తేలుచున్నను ఆ ఒక్క తడి చుక్కయే బూజునకు చాలును. పడవ కదలక నిలిచినంతకాలము ఆ పొర అడుగుననే ప్రశాంతముగా పెరుగును. యంత్రము నడువనన్నాళ్ళును ఏ కీడును కానరాదు. నెలల తరువాత పడవ బయలుదేరి కెరటములపై ఊగగానే ఆ పొర చిరిగి తునకలై ఇంధనముతో కలిసి వడపోతను చేరును. యంత్రము ఊపిరాడక ఆగిపోవును. ఆగుట ఎప్పుడును రేవున జరుగదు. అలజడి గల చోటనే, ఒడ్డునకు దూరముననే జరుగును. సముద్రమున యంత్రము నిలిచిపోయిన పడవకు గాలియు కెరటమును ఏ దారి చూపునో ఆ దారియే గతి గనుక, నిలువ చమురు కేవలము యంత్రమునకు సంబంధించిన విషయము కాక ప్రాణములకు సంబంధించిన విషయమైనది. బూజుతోపాటు గంధక సంబంధమైన లవణములపై బ్రతుకు బాక్టీరియాలును చేరి, ఉక్కును తినివేయు దుర్గంధవాయువును పుట్టించును. 1960వ దశకమున బోరాన్ సమ్మేళనములతో చేసిన మందు విమానములనుండి పడవలకును వచ్చినది. చచ్చిన బూజును తీసివేయనిదే మందు పోసి ప్రయోజనము లేదని, చచ్చినదియు వడపోతను పూడ్చునని అనుభవజ్ఞులు నేర్చుకొనిరి.

ఇక ఆధునిక కాలమునకు వచ్చినచో, పడవలకు ఎదురైన కష్టములలో మిక్కిలి తీవ్రమైనది ఆల్కహాలు తెచ్చినది. అమెరికాలో పెట్రోలునందు కలుపుచున్న ఎమ్.టీ.బీ.ఈ. అను పదార్థము భూగర్భజలములను పాడుచేయుచున్నదని న్యూయార్కు, కనెక్టికట్ రాష్ట్రములు 2004 జనవరి 1 నుండి దానిని నిషేధించి, దాని స్థానమున నూటికి పదిపాళ్ళు ఎథనాలును ప్రవేశపెట్టినవి. ఉద్దేశము మంచిదే. కాని ఆ రెండు రాష్ట్రములకు నడుమనున్న లాంగ్ ఐలండ్ జలసంధిలో, 1960వ దశకము మొదలు గాజునార టాంకీలతో నిర్మింపబడిన పెక్కు పడవలు ఉండెను. ఆ టాంకీల గోడలలోని రాళమును ఎథనాలు కొద్దికొద్దిగా కరగించి, కరగినదానిని యంత్రములోనికి తీసికొనిపోయి కవాటములపై నల్లని తారువలె పేర్చినది. యంత్రములు పాడయ్యెను, టాంకీలు పడవ దేహములోనే అంతర్భాగములుగా కట్టబడియుండుటచే వానిని మార్చుటకు పైతట్టును కోయవలసివచ్చెను. ముప్పది నలువది ఏండ్లు నిశ్చింతగా నడచిన పడవలకు ఒడ్డున జరిగిన ఒక ఆజ్ఞామార్పు వలన కలిగిన నష్టమిది. ఆ యజమానుల పక్షమున నాకు సానుభూతి కలదు. వారిని అడిగినవారు లేరు, హెచ్చరించినవారును తక్కువ.

టాంకీ ఏదైనను ఎథనాలుకు మరియొక గుణమున్నది. అది నీటిని ఆకర్షించును. పదిపాళ్ళు ఎథనాలు గల నూరు లీటర్ల పెట్రోలు ఇంచుమించు అరలీటరు నీటిని తనలో ఇముడ్చుకొనగలదు. అంతవరకు హాని లేదనియే చెప్పవచ్చును. ఆ మేర దాటినచో, లేక మేర దగ్గరనుండగా చలి పెరిగినచో, ఎథనాలు పెట్రోలును విడిచి నీటితో చేరి అడుగునకు దిగిపోవును. పైన మిగిలిన పెట్రోలునకు సత్తువ తగ్గును. అడుగున చేరిన నీరు కలిసిన ఎథనాలు లోహమును తినును. ఇంధనమును పీల్చు గొట్టము మొన ఉండునది ఆ అడుగుననే. ఒకసారి విడిపోయిన పిమ్మట ఏ మందు పోసినను మరల సరిగా కలియదు. పదునైదు పాళ్ళ మిశ్రమమును అమెరికాలో 2001 మొదలు వచ్చిన మోటారుబండ్లకు అనుమతించినప్పుడు పడవలకు దానిని నిషేధించుటలో ఈ పూర్వానుభవపు ఫలము కొంత కానవచ్చుచున్నది.

మన దేశమునకు ఈ ఆల్కహాలు క్రొత్త కాదు. పెట్రోలులో కలుపుటకై ఆల్కహాలు పరిశ్రమను పెంపొందింప 1948లోనే శాసనము చేయబడెను. 2003లో కొన్ని రాష్ట్రములలో ఐదుపాళ్ళతో ఆరంభమైన మిశ్రమము 2022 నాటికి పదిపాళ్ళకును, 2025 నాటికి ఇరువది పాళ్ళకును చేరినది. చెరకు, మొక్కజొన్న, వరి పండించు రైతునకు దీనివలన మేలుండవచ్చును. పెట్రోలు యంత్రమును ఫైబరు తెప్పకు తగిలించుకొను మత్స్యకారుడు మాత్రము, ఒకనెల మూలనుంచిన డబ్బాలోని పెట్రోలును ఇకమీదట పూర్వపు పెట్రోలని భావింపరాదు.

ఆంధ్రతీరమున పెద్ద పడవలు డీజిలువి. 1952లో నార్వే దేశముతో కుదిరిన ఒడంబడిక వలన కేరళమున నీండకర వద్దను, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిపుణుల సాయమున ఇతర తీరములందును మరపడవలు రూపొందిన కాలముననే మన రేవులకును యంత్రము వచ్చినది. 1957లో విశాఖపట్టణమున కాల్టెక్సు వారి చమురు శుద్ధికర్మాగారము వెలసెను. విశాఖ, కాకినాడ, మచిలీపట్టణము, నిజాంపట్టణము రేవులలో నేడు వరుసలు తీరియుండు బోట్లకు శీతకాలపు విశ్రాంతి లేదు. వానికి విశ్రాంతి వేసవిలో వచ్చును. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున వేటను నిలిపివేయుటకై, 2015 మొదలు తూర్పు తీరమున ఏప్రిలు 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు యంత్రపు పడవలకు నిషేధము అమలగుచున్నది; అంతకుముందు అది ఇంకను తక్కువ దినములుండెను. ఈ రెండు నెలలలో సరంగులు, కళాసీలు వలలు బాగుచేసుకొందురు. పలకలు మార్పించి రంగులు వేయింతురు. యంత్రమును విప్పి మేస్త్రీకి చూపింతురు. టాంకీలోని చమురు మాత్రము ఎవరి దృష్టియు పడక మిగిలిపోవుట సులభము.

అరువది ఒక్క దినములు ఉత్తరదేశపు ఆరునెలల ముందు స్వల్పమని తోచవచ్చును. కాని అక్కడి విశ్రాంతి మంచులో జరుగును, ఇక్కడిది రోహిణికార్తెలో జరుగును. వేడి పదిడిగ్రీలు పెరిగినకొలది చమురు ప్రాణవాయువుతో కలియు వేగము ఇంచుమించు రెట్టింపగునని రసాయనికుల మోటులెక్క. మన తీరపు వెచ్చదనము, చెమట ఆరని తేమ బూజునకు అత్యంతానుకూలములు. 2020 ఏప్రిలు 1 నుండి దేశమంతట అమ్మబడుచున్న డీజిలులో గంధకము పదిలక్షలకు పదిపాళ్ళకు మించరాదు. పట్టణములలో ఊపిరి పీల్చు పసిపిల్లలకు అది వరము, దానిని ఎవరును కాదనరాదు. అయితే గంధకమును తీసివేయు ప్రక్రియలో, చమురును సహజముగా చెడకుండ కాపాడు కొన్ని పదార్థములును, యంత్రమునకు జారుదనమిచ్చు గుణమును కొంత తొలగిపోవును. వానిని మందులరూపమున మరల చేర్చవలసియుండును. ఆ మందుల శక్తియు కాలముతో క్షీణించునదియే.

కావలసిన జాగ్రత్తలు ఖరీదైనవి కావు. నిషేధమునకు ముందు చమురు వ్యాకోచించుటకు కొంచెము చోటు మిగిల్చి టాంకీని నింపుట, మూత రబ్బరును మార్చుట, గాలిగొట్టపు మొనకు వానజల్లు తగులకుండ చూచుట మొదటి పని. జూన్ నెల రాగానే యంత్రమును త్రిప్పకముందే టాంకీ అడుగుననున్న కుళాయిని విప్పి, మొదట వచ్చు చమురును గాజుసీసాలో పట్టి ఎండకెదురుగా చూడవలెను. అడుగున నీటిగీత కానవచ్చినను, మబ్బుగ మసకగ ఉన్నను, నల్లని పీచు తేలుచున్నను, తేటడీజిలు వచ్చువరకు విడువవలెను. రెండు వడపోతలను మార్చి, అదనముగా రెండింటిని పడవలో ఉంచుకొనవలెను. కుళాయి లేని టాంకీలు మన పడవలలో ఉన్నచో వానికి కుళాయి పెట్టించుట ఆ రెండునెలల మరమ్మతులలో అన్నిటికన్న ముందు చేయదగినది. రంగు తరువాత వేయవచ్చును.

విడిచిన చమురు ఎక్కడ పోయవలెననునది మిగిలిన ప్రశ్న. పూర్వకాలమున ఉత్తరదేశములలో దానిని నేలపై పారబోసిరి, కంచెకొయ్యలకు పూసిరి, చెత్త తగులబెట్టుటకు వాడిరి, కొందరు చీకటిపడినపిమ్మట నీటిలోనే వదలిరి. ఆ నీటిలోనే చేపపిల్లలు పెరుగును. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని వేటను నిలిపి, ఆ కాలము చివర బూజుపట్టిన డీజిలును రేవునీటిలో విడిచిపెట్టినచో, ఒక చేతితో రక్షించినదానిని రెండవ చేతితో చంపినట్లగును. విడిచిన చమురు ఎక్కువగా నీరు చేరనిది, బూజు పట్టనిది అయినచో, తేర్చి, వడగట్టి, నాలుగైదు రెట్లు క్రొత్త డీజిలుతో కలిపి వాడుకొనవచ్చును. నీరును బూజును కలిసిన అడుగుమడ్డిని మాత్రము పడవవాడు ఒంటరిగా ఏమియు చేయలేడు. ప్రతి చేపలరేవునను డీజిలు పోయు బంకు ప్రక్కనే, ఆ మడ్డిని తీసికొని శుద్ధిచేయువారికి అప్పగించుటకు ఒక మూతగల తొట్టియు, దానికొక బాధ్యుడును ఉండవలెను. జూన్ మొదటి వారముననే అది తెరచియుండవలెను.